ప్రతి జ్వరానికీ వైడాల్ పాజిటివ్ వస్తోంది: టైఫాయిడ్ క్రిమి నిజంగా ఒంట్లో దాక్కుందా?

మీరు అడిగినవి రెండు ప్రశ్నలు. మీ తమ్ముడికి ఏడాదిలో మూడుసార్లు జ్వరం వచ్చింది. మూడుసార్లూ వైడాల్ అనే టైఫాయిడ్ రక్తపరీక్షలో "టీఓ 1:160" అని (రక్తాన్ని 160 రెట్లు పలచన చేసినా టైఫాయిడ్ యాంటీబాడీ కనబడిందని) రాశారు, మూడుసార్లూ టైఫాయిడ్ అని మందులు వాడారు. ఆ క్రిమి ఒంట్లోనే ఉండిపోయి మళ్లీ మళ్లీ లేస్తోందా అన్నది ఒకటి. తిండితో కడుపులోకి పోయిన బాక్టీరియా రక్తంలోకి ఎలా చేరుతుంది, పరిశోధనల్లో ఏం తేలింది అన్నది రెండోది. రెండోదానికే ముందు జవాబు చెప్తాను. క్రిమి ఏ దారిన పోతుందో తెలిస్తే, ఏ పరీక్షను ఎప్పుడు నమ్మాలో దానంతట అదే తెలుస్తుంది.

టైఫాయిడ్ తెచ్చేది సాల్మొనెల్లా టైఫీ. దాన్ని 1880లో ఎబెర్త్ మైక్రోస్కోపులో చూశాడు, 1884లో గాఫ్కీ ప్రయోగశాలలో పెంచాడు. ఇది మనిషి ఒంట్లో తప్ప ఇంకెక్కడా కాపురం పెట్టదు. కోళ్లలో, పశువుల్లో ఉండదు. గుడ్లు, మాంసం వల్ల వచ్చే సాల్మొనెల్లాలు వేరు. అవి లోపలికి పోయిన 12 నుంచి 72 గంటల్లో వాంతులు, విరేచనాలు పుట్టించి, చాలామందిలో వారం లోపే సర్దుకుంటాయి. టైఫీ అలా కాదు. సాధారణంగా 7 నుంచి 14 రోజులు చడీచప్పుడు లేకుండా ఉండి, ఆ తర్వాత జ్వరంగా బయటపడుతుంది. కాబట్టి "నిన్న బయట తిన్నాను, ఇవాళ టైఫాయిడ్ వచ్చింది" అనేది లెక్క కుదరని మాట. వెతకాల్సింది ఒకటి రెండు వారాల కిందటి నీళ్లను, తిండిని.

దీనికి మొదటి అడ్డుగోడ జీర్ణాశయంలోని ఆమ్లం. 1950ల నుంచి 70ల దాకా అమెరికాలోని మేరీల్యాండ్‌లో, తెలిసి ఒప్పుకున్న వాలంటీర్లకు బాక్టీరియాను పాలలో కలిపి ఇచ్చి చూశారు. వెయ్యి క్రిములు తాగిన 14 మందిలో ఒక్కరికీ జబ్బు రాలేదు. లక్ష తాగితే నాలుగోవంతుకు కాస్త ఎక్కువ మందికి, కోటి తాగితే సగం మందికి వచ్చింది. 2011 నుంచి ఆక్స్‌ఫర్డ్‌లో అదే రకం క్రిమితో మళ్లీ చేసినప్పుడు ముందుగా సోడా బైకార్బొనేట్ ద్రావణం తాగించారు. అప్పుడు వెయ్యి క్రిములకే సగానికి పైగా, పదివేలకు మూడింట రెండొంతుల మంది జబ్బుపడ్డారు. జబ్బు వచ్చిందని తేల్చుకున్న పద్ధతి రెండుచోట్లా ఒకటి కాదు కాబట్టి అంకెకు అంకె పోల్చకూడదు. అయినా ఆమ్లం ఎంత పెద్ద కాపలాయో దీన్నిబట్టి అర్థమవుతుంది. అవసరం తీరిపోయినా నెలల తరబడి పరగడుపున గ్యాస్ మాత్ర వేసుకునేవాళ్లు ఈ కాపలాను తామే తీసేసుకుంటున్నారు. ఆ మాత్ర ఇంకా కావాలా అని డాక్టర్ని ఒకసారి అడగండి.

ఆమ్లాన్ని దాటి వచ్చిన క్రిములు చిన్నపేగు చివరి భాగానికి చేరతాయి. అక్కడ పేగు గోడలో పేయర్స్ ప్యాచెస్ అనే చిన్న చిన్న దిబ్బలుంటాయి. అవి రోగనిరోధక వ్యవస్థకు చెక్‌పోస్టులు. వాటి మీద ఉండే ఎం కణాల పని పేగులో పోయే సరుకులోంచి కొంచెం కొంచెం శాంపిల్ తీసి వెనకున్న రక్షణ కణాలకు అందించడం. టైఫీ ఈ వాకిలిని వాడుకుంటుంది. మామూలు పేగు కణాల్లోకీ చొరబడగలదు, దానికి సూది లాంటి యంత్రం ఒకటి ఉంది. బాక్టీరియా ఒంటి నుంచి బయటికి పొడుచుకొచ్చే సన్నటి గొట్టం అది. కణం పొరకు ఆనించి దాని గుండా కొన్ని ప్రొటీన్లను లోపలికి ఎక్కిస్తుంది. ఆ ప్రొటీన్లు కణానికి ఆకారం ఇచ్చే ఆక్టిన్ పోగులను పట్టి లాగి తిరగపేరుస్తాయి. నున్నగా ఉన్న కణం పొర అలలా పైకి లేచి, క్రిమి చుట్టూ ముడుచుకుని, దాన్ని మింగేస్తుంది. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూస్తే చీర కుచ్చిళ్ల మధ్య బియ్యపు గింజ ఇరుక్కున్నట్టు కనబడుతుంది. కణం తనంతట తానుగా ఆ పని చేయలేదు, క్రిమి చేయించింది.

లోపలికి వెళ్లాక దాన్ని పట్టుకునేవి మాక్రోఫేజ్‌లు. క్రిములను మింగి అరిగించడమే వాటి పని. వాటి లోపల ఒక సంచిలో చిక్కిన టైఫీ, అక్కడి ఆమ్లతనాన్ని, మెగ్నీషియం తక్కువగా ఉండటాన్ని పసిగట్టి రెండో సూదిని బయటికి తీస్తుంది. ఈ సూదితో సంచి లోపలి నుంచే కణం పనులను అటూ ఇటూ మళ్లించి, ఆ సంచిని తనకు అనువైన గూడుగా మార్చుకుంటుంది. చంపాల్సిన కణమే దానికి ఇల్లూ అవుతుంది, వాహనమూ అవుతుంది. అలా శోషరస గ్రంథుల మీదుగా రక్తంలో పడి కాలేయం, ప్లీహం, ఎముక మజ్జ, పిత్తాశయం చేరుకుంటుంది. ఈ మొదటి విడతలో మనిషికి ఏమీ తెలియదు. ఆ అవయవాల్లో పెరిగి రెండో విడతగా రక్తంలోకి వచ్చినప్పుడే జ్వరం మొదలవుతుంది.

మరి ఇంత జరుగుతుంటే ఒళ్లు ఎందుకు గోల చేయదు? ఇక్కడే వీఐ అనే చక్కెర పూత సంగతి చెప్పాలి. టైఫీ తన ఒంటి చుట్టూ ఈ పాలీశాకరైడ్ తొడుగు కప్పుకుంటుంది. మన రక్షణ వ్యవస్థ సులువుగా గుర్తుపట్టే పైపొర దాని కింద కప్పబడిపోతుంది. పైగా ఈ పూత తయారీని నడిపే టీవీఐఏ అనే ప్రొటీన్, క్రిమి కణజాలంలోకి అడుగుపెట్టగానే దాని తోకల తయారీని, మొదటి సూది తయారీని తగ్గించేస్తుంది. ఆ తోకలూ సూదీ మన కణాలకు పెద్ద అలారం గంటలు. గోల లేదు కాబట్టి వాపు లేదు, వాపు లేదు కాబట్టి మొదట్లో విరేచనాలూ ఉండకపోవచ్చు. కోడిగుడ్డు సాల్మొనెల్లాలకు ఈ పూత లేదు, అందుకే అవి వెంటనే రచ్చ చేసి పట్టుబడతాయి.

టైఫీ మనిషికే పరిమితం కావడం పరిశోధనకు పెద్ద చిక్కు. మామూలు ఎలుకలకు అది జబ్బు తేలేదు. పైన చెప్పిన సూదుల కథలో చాలా భాగం టైఫీమ్యూరియం అనే దగ్గరి చుట్టాన్ని ఎలుకల్లో పెట్టి నేర్చుకున్నదే. మనిషి కణాల్లో, వాలంటీర్లలో చూసినప్పుడు కొన్ని నిలబడ్డాయి, కొన్ని తిరగబడ్డాయి. అందుకు టైఫాయిడ్ టాక్సిన్ మంచి ఉదాహరణ. క్రిమి కణం లోపల ఉన్నప్పుడు మాత్రమే దీన్ని తయారుచేస్తుంది. 2013లో దీని నిర్మాణం తేలింది. ఎలుకల్లోకి ఎక్కిస్తే టైఫాయిడ్‌ను పోలిన లక్షణాలు కొన్ని వచ్చాయి, ఇక జ్వరానికి కారణం దొరికిందనుకున్నారు. ఆ తర్వాత ఆక్స్‌ఫర్డ్‌లో టాక్సిన్ తీసేసిన టైఫీని వాలంటీర్లకు ఇచ్చి చూశారు. 2019లో వచ్చిన ఫలితం: టాక్సిన్ లేకపోయినా జబ్బు అంతే వచ్చింది. జ్వరం మొదలవడానికి ఆ టాక్సిన్ అక్కర్లేదని తేలింది. వాలంటీర్లకు తొలి రోజుల్లోనే వైద్యం మొదలుపెడతారు కాబట్టి, ముదిరిన జబ్బులో దాని పాత్ర ఏమిటన్నది వేరే ప్రశ్న. ఒక జబ్బు గురించి ఎలుక చెప్పింది మనిషికి ఎంతవరకు వర్తిస్తుందో తెలుసుకోవడానికి ఇంతకన్నా మంచి పాఠం నాకు కనబడదు.

ఇక పరీక్షల సంగతి. క్రిమి ఎక్కువగా కణాల్లో, అవయవాల్లో దాక్కుంటుందని చూశాం కదా, కాబట్టి రక్తంలో చాలా తక్కువ దొరుకుతుంది. జ్వరం ఉన్న రోగి రక్తంలో సగటున మి.లీ.కు ఒక్క బతికున్న క్రిమి ఉంటే గొప్ప, అందులోనూ ఎక్కువ భాగం తెల్లకణాల లోపలే. ఒక్కసారి లెక్క వేయండి. పెద్దవాళ్ల దగ్గర 2 మి.లీ. రక్తం తీసి కల్చర్‌కు (క్రిమిని ల్యాబ్‌లో పెంచి చూసే పరీక్షకు) పంపితే ఆ బాటిల్‌లో పడేవి ఒకటో రెండో, కొన్నిసార్లు అసలు లేవు. అప్పుడు "నో గ్రోత్" అని వస్తే అది టైఫాయిడ్ లేదని చెప్పినట్టు కాదు, రక్తం చాలలేదని చెప్పినట్టు. పెద్దవాళ్లకు బాటిల్‌కు 8–10 మి.లీ. చొప్పున, వీలైతే రెండు చేతుల నుంచి రెండు బాటిళ్లు తీయాలి. పిల్లలకు పిల్లల బాటిల్‌లో 2–4 మి.లీ. సరిపోతుంది, వాళ్ల రక్తంలో క్రిములు కొంచెం ఎక్కువగా ఉంటాయి. తీసేముందు చర్మాన్ని 70 శాతం ఆల్కహాల్‌తో, తర్వాత క్లోర్‌హెక్సిడిన్‌తోనో పొవిడోన్ అయొడిన్‌తోనో తుడిచి, అది పూర్తిగా ఆరేదాకా ఆగాలి. తడి మీదే పొడిస్తే చర్మం మీది క్రిములు బాటిల్‌లోకి పోయి రిపోర్టు గందరగోళం అవుతుంది. తీసిన బాటిల్‌ను ఫ్రిజ్‌లో పెట్టకూడదు. చలికి క్రిమి పెరగదు. గది వేడిమిలోనే ఉంచి వీలైతే రెండు గంటల్లోపు ల్యాబ్‌కు చేర్చాలి.

అన్నిటికన్నా ముఖ్యం, రక్తం యాంటీబయాటిక్ మొదటి డోసుకు ముందే తీయాలి. మెడికల్ షాపులో రెండు మాత్రలు మింగి, తగ్గకపోతే మూడోరోజు కల్చర్‌కు వెళ్లడం మనదగ్గర మామూలు. అప్పటికి రక్తంలోని ఆ కొద్ది క్రిములూ చచ్చిపోయి ఉంటాయి. అన్నీ సరిగా చేసినా కల్చర్ దాదాపు సగం కేసులనే పట్టుకుంటుంది. జ్వరం మొదటి వారంలో అవకాశం ఎక్కువ, తర్వాత తగ్గుతుంది. ఎముక మజ్జ కల్చర్ 80 శాతానికి పైగా పట్టుకుంటుంది, కొన్ని రోజులు మందు వాడాక కూడా. కానీ నొప్పితో కూడుకున్నది కాబట్టి కారణం తెలియని మొండి జ్వరాలకే చేస్తారు.

కల్చర్ మెషిన్‌లో టైఫీ ఉంటే చాలావరకు 24–72 గంటల్లో గంట మోగుతుంది, అయినా 5 రోజులు ఆగాకే నెగెటివ్ అనాలి. పెరిగినదాన్ని మెకాంకీ అనే పోషకాల ప్లేటు మీద వేస్తే రంగులేని కాలనీలు వస్తాయి. క్రిమి ఏ చక్కెరలను వాడుకుంటుందో రంగులతో చూపే టీఎస్ఐ ట్యూబులో అడుగు పసుపు, వాలు ఎరుపు, గ్యాస్ ఉండదు, రెండింటి మధ్య మీసకట్టులా సన్నటి నల్లగీత. ఆ మీసకట్టు టైఫీకి ముఖచిత్రం లాంటిది. ఇక్కడ కొత్త టెక్నీషియన్లు తరచుగా పడే తప్పు ఒకటి చెప్పాలి. టైఫీ పైపొర మీది ఓ9 గుర్తును పట్టుకునే యాంటీసీరం వేస్తే క్రిములు గుంపుకట్టవు, టైఫీ కాదని పక్కన పెట్టేస్తారు. వీఐ పూత ఆ గుర్తును, అంటే 'ఓ' యాంటిజెన్‌ను, కప్పేయడం వల్ల అలా జరుగుతుంది. ఒంట్లో రక్షణ కణాలను మోసం చేసిన పూతే గాజు స్లయిడు మీద మనల్నీ మోసం చేస్తుంది. సెలైన్‌లో కలిపి మరిగే నీళ్ల వేడిలో 15–20 నిమిషాలు ఉంచి, చల్లారాక మళ్లీ వేస్తే పూత ఊడి చక్కగా గుంపుకడుతుంది.

వైడాల్ ఇలా క్రిమిని వెతకదు. క్రిమి మీద మన ఒళ్లు తయారుచేసిన యాంటీబాడీలను వెతుకుతుంది. 1896 నాటి పరీక్ష ఇది. క్రిమి పైపొర మీద తయారయ్యే 'ఓ' యాంటీబాడీలు మొదటి వారం చివర్లో, తోకల మీద తయారయ్యే 'హెచ్' యాంటీబాడీలు ఇంకో రెండు మూడు రోజులకు కనబడతాయి. కాబట్టి రెండో రోజు జ్వరానికి వైడాల్ చేయించి "పాజిటివ్" అంటే, ఆ యాంటీబాడీలు చాలావరకు పాతవే అయి ఉంటాయి. టైఫాయిడ్ తిరిగే మన ప్రాంతాల్లో ఏ జ్వరమూ లేనివాళ్లకే 1:40, 1:80, కొందరికి ఇంకా పైన కూడా ఉంటాయి. ఒకసారి వచ్చాక నెలల తరబడి తగ్గవు. టైఫీకి ఉన్న ఓ9, ఓ12 యాంటిజెన్‌లు మరికొన్ని సాల్మొనెల్లాలకూ ఉన్నాయి. మలేరియా లాంటి వేరే జ్వరాల్లోనూ ఈ పరీక్ష పైకి చూపించవచ్చు. సరిగా చేయాలంటే 7–10 రోజుల తేడాతో రెండుసార్లు రక్తం తీసి, రెండోదానిలో నాలుగు రెట్లు పెరిగిందా చూడాలి, అంటే 1:80 నుంచి 1:320 అయిందా అని. అంత ఓపిగ్గా చేసేవాళ్లు అరుదు.

చాలా చిన్న ల్యాబుల్లో చేసేది స్లయిడు పరీక్ష. 80 మైక్రోలీటర్ల సీరానికి (కణాలు తీసేసిన రక్తపు నీటికి) 1:20, 40కి 1:40, 20కి 1:80, 10కి 1:160, 5కి 1:320 అని లెక్క. ఒక్కోదానికి ఒక చుక్క యాంటిజెన్ కలిపి, స్లయిడును ఊపుతూ, సరిగ్గా ఒక నిమిషానికి చూడాలి. ఇంకో పేషెంటు వచ్చాడని మూడు నిమిషాలకు చూస్తే చుక్క అంచులు ఎండి, గుంపుకట్టినట్టే కనబడుతుంది. 5 మైక్రోలీటర్లను కచ్చితంగా కొలవడం మంచి పిపెట్ ఉంటేనే సాధ్యం. మీ తమ్ముడి "1:160" వెనక ఇవన్నీ ఉన్నాయి. మందులు అయ్యాక "తగ్గిందా" అని మళ్లీ వైడాల్ చేయించడం అసలే వద్దు, అది తగ్గుదలను చూపించే పరీక్ష కాదు.

ఇప్పుడు మీ మొదటి ప్రశ్న. నిజమైన టైఫాయిడ్ తిరగబెట్టడం అంటూ ఉంది. తగ్గిన రెండు మూడు వారాల్లో, 5–10 శాతం మందిలో వస్తుంది. నెలల తేడాతో వచ్చేవి ఆ లెక్కలోకి రావు. ఇంకా 1–5 శాతం మంది ఏడాది దాటినా క్రిమిని మలంలో వదులుతూనే ఉంటారు, వీళ్లే వాహకులు. ఇంట్లో అనుమానం అక్కడే పుడుతుంది కానీ, వాహకుడికి జ్వరం రాదు. పిత్తాశయంలో, ముఖ్యంగా రాళ్లుంటే వాటి మీద పాచిలా పేరుకుని, క్రిమి నెమ్మదిగా పైత్యరసంతో పేగులోకి జారుతుంది, మనిషి హాయిగా తిరుగుతాడు. న్యూయార్క్‌లో వంటమనిషి మేరీ మాలన్ వండిన ఇళ్లలో జనం జబ్బుపడుతున్నారని 1907లో గుర్తించినప్పుడు, ఆమె ఒప్పుకోకపోవడానికి కారణం అదే. ఆమెకు ఏ బాధా లేదు. అంటే "క్రానిక్ టైఫాయిడ్ వల్లే ఏటా మూడుసార్లు జ్వరం" అన్నది క్రిమి నడతకు సరిపోని మాట.

మీ తమ్ముడికి ఒక్కసారి కూడా కల్చర్ చేయలేదన్నారు. కాబట్టి ఆ మూడు జ్వరాల్లో కొన్ని, బహుశా మూడూ, టైఫాయిడ్ కాకపోవచ్చు. డెంగ్యూ, మలేరియా, మూత్రంలో ఇన్‌ఫెక్షన్, లెప్టోస్పైరోసిస్, క్షయ, అన్నీ ఈ పేరు కింద దాగుతాయి. చిన్న పురుగు కాటుతో వచ్చే, మన రెండు రాష్ట్రాల్లోనూ కనబడే స్క్రబ్ టైఫస్‌ను మరీ మరిచిపోకండి. చంకల్లో, గజ్జల్లో, నడుం చుట్టూ, సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి చెక్కు ఉందేమో బట్టలు తీసి చూడాలి. స్క్రబ్‌కు పనిచేసే మందు డాక్సీసైక్లిన్, టైఫాయిడ్‌కు మామూలుగా ఇచ్చే సెఫ్ట్రియాక్సోన్‌కు స్క్రబ్ లొంగదు. ఈసారి జ్వరం వస్తే మందుకు ముందే బ్లడ్ కల్చర్, దాంతోపాటు మలేరియా, డెంగ్యూ, స్క్రబ్ పరీక్షలు, మూత్ర పరీక్ష అడగండి.

నిజంగా టైఫీయే పెరిగితే, ఏ మందుకు క్రిమి లొంగుతుందో చెప్పే సెన్సిటివిటీ రిపోర్టును ఇలా చదవండి. జెంటామైసిన్, అమికాసిన్ "సెన్సిటివ్" అని కనబడినా టైఫాయిడ్‌కు అవి పనికిరావు. ప్లేటు మీద క్రిమి బయట ఉంటుంది, ఒంట్లో కణం లోపల ఉంటుంది, ఆ మందులు కణంలోకి సరిగా దూరలేవు. అజిత్రోమైసిన్ కణాల లోపల పేరుకుంటుంది కాబట్టి పనిచేస్తుంది. సిప్రోఫ్లాక్సాసిన్‌కు మనదేశంలోని టైఫీ చాలావరకు లొంగడం మానేసింది. 2016 చివర్లో పాకిస్తాన్ సింధ్‌లోని హైదరాబాద్‌లో మొదలైన రకం సెఫ్ట్రియాక్సోన్‌కు కూడా లొంగదు. పేరు ఒకటే కావడంతో మన హైదరాబాద్ అనుకుని భయపడినవాళ్లున్నారు, అది కాదు. సరైన మందు పడినా జ్వరం దిగడానికి 4–7 రోజులు పడుతుంది, క్రిమి కణాల్లోంచి ఊడిరావాలి కదా. మూడోరోజుకు తగ్గలేదని మందు మార్చడం, ఐదోరోజుకు తగ్గిందని ఆపేయడం, రెండూ నష్టమే. డాక్టరు చెప్పిన రోజులు పూర్తిచేయండి.

లంఖణం మాత్రం పెట్టకండి. మెత్తటి అన్నం, పెరుగు, పప్పుకట్టు, ఇడ్లీ నిక్షేపంగా పెట్టొచ్చు. పస్తు ఉంటే క్రిమి చావదు, మనిషి నీరసిస్తాడు. భయపడాల్సింది జబ్బు రెండో, మూడో వారాల్లో. అప్పటికి పేయర్స్ ప్యాచెస్ పుండ్లు పడి ఉంటాయి. అకస్మాత్తుగా కడుపునొప్పి వచ్చి పొట్ట గట్టిపడినా, నల్లటి లేదా రక్తపు విరేచనం అయినా, తెల్లారేదాకా ఆగకుండా ఆపరేషన్ సౌకర్యం ఉన్న ఆసుపత్రికి వెళ్లండి. పేగుకు చిల్లు పడి ఉండొచ్చు.

టీకా గురించీ ఒక మాట. మన ఒంట్లో క్రిమిని దాచిన ఆ వీఐ పూతనే టీకాగా మార్చారు. ఒట్టి చక్కెర పూతను రెండేళ్లలోపు పిల్లల ఒళ్లు సరిగా గుర్తుపెట్టుకోదు. అందుకని దాన్ని ప్రొటీన్‌కు అతికించారు. హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్ చేసిన టైప్‌బార్ టీసీవీలో 25 మైక్రోగ్రాముల వీఐ, టెటనస్ టాక్సాయిడ్‌కు అతికి ఉంటుంది. 0.5 మి.లీ., కండకు ఒకే డోసు, 6 నెలల వయసు నుంచి ఇవ్వొచ్చు. 2017 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీనికి ప్రీక్వాలిఫికేషన్ (నాణ్యత సరిచూసి ఇచ్చే గుర్తింపు) ఇచ్చింది. నేపాల్, మలావి, బంగ్లాదేశ్ పిల్లల్లో చేసిన ట్రయల్స్‌లో దాదాపు 80 శాతం, ఆపైన రక్షణ కనబడింది. హైదరాబాద్‌దే అయిన బయలాజికల్ ఈ టీకాకు 2020లో ఆ గుర్తింపు వచ్చింది. పారాటైఫీ ఏ అనే చుట్టానికి వీఐ పూత లేదు కాబట్టి దానికి ఈ టీకా పనిచేయదు. ఈ టీకాలో ఓ, హెచ్ యాంటిజెన్‌లు లేవు, అందుకే "టీకా వేయించుకున్నాను కాబట్టి వైడాల్ పాజిటివ్ వచ్చింది" అనే వివరణ దీనికి కుదరదు.

మీ ఇంట్లో వంట చేసేవాళ్లలో ఎవరికైనా ఇదివరకు కల్చర్‌లో తేలిన టైఫాయిడ్ వచ్చి, పిత్తాశయంలో రాళ్లు కూడా ఉంటే మాత్రం వాళ్ల మలం కల్చర్ చేయించండి. క్రిమి విడతలు విడతలుగా పడుతుంది, ఒక్క నమూనా నెగెటివ్ వస్తే సరిపోదు, వేర్వేరు రోజుల్లో మూడుసార్లయినా ఇవ్వాలి. దొరికితే, క్రిమి లొంగే రకమైతే నాలుగు వారాల సిప్రోఫ్లాక్సాసిన్‌తో చాలామందిలో పోతుంది. రాళ్లుంటే ఒక్కోసారి పిత్తాశయం తీయాల్సి వస్తుంది. నీళ్ల విషయంలో, మున్సిపల్ కుళాయి విడతలుగా వచ్చే వీధుల్లో సరఫరా ఆగినప్పుడు పైపులో ఒత్తిడి పడిపోయి, పగుళ్లలోంచి పక్కనున్న మురుగును లోపలికి పీల్చుకుంటుంది. కాబట్టి కుళాయి విప్పగానే వచ్చే మొదటి బిందెలు తాగడానికి పట్టకండి. సంపులో వెయ్యి లీటర్లకు 2.5 గ్రాముల మంచి బ్లీచింగ్ పౌడర్‌ను చిన్న బకెట్ నీళ్లలో కలిపి, సున్నం అడుగుకు దిగాక పైతేటను పోసి, గంట ఆగి వాడుకోండి. డబ్బా మూత తీసి నెలలైన పౌడర్‌లో క్లోరిన్ మిగలదు, మూత తీసి ముక్కు దగ్గర పెట్టినా ఘాటు తగలకపోతే కొత్తది తెచ్చుకోండి.